కొమ్ము పురుగుల లెక్కకి పాయిజానా, లాగ్ వేసి లీనియరా? అసలు ఫ్యామిలీ, లింక్ రెండూ ఒకటేనా?

కవిటి_పిల్ల అడిగింది:

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ అగ్రి రెండో సంవత్సరం, ఎంటమాలజీ. మాది కవిటి పక్కన పల్లె, ఉద్దానం కొబ్బరి తోటల్లో కొమ్ము పురుగు మీద నా థీసిస్. స్టాటిస్టిక్స్ అంటే యాన్‌ఓవా టేబుల్ వేసి సీడీ వాల్యూ చూడ్డం వరకే వచ్చు, అది దాటితే గుడ్డెద్దు చేలో పడ్డట్టే, కాబట్టి కొంచెం ఓపిగ్గా చెప్పండి ప్లీజ్.

నా దగ్గరున్నది ఇది. 12 తోటలు, ఒక్కో తోటలో 5 బకెట్ ట్రాపులు, మొత్తం 60. ప్రతి తోటలో ఒక గెత్తం (పశువుల ఎరువు) గొయ్యి ఉంది, పురుగు గుడ్లు పెట్టేది అందులోనే కాబట్టి గొయ్యి నుంచి ట్రాప్ ఎన్ని మీటర్ల దూరమో టేపు పట్టి కొలిచాను. 6 తోటల్లో గెత్తంలో మెటారైజియం (పురుగుని చంపే బూజు) కలిపాం, మిగతా 6 తోటల్లో ఏమీ కలపలేదు. తరవాత ట్రాపుల్లో పడ్డ పురుగులు లెక్కపెట్టాను. చాలా వాటిల్లో సున్నా, 1, 2, కొన్నిట్లో మాత్రం 30, 40 కూడా ఉన్నాయి.

మా గైడ్ గారేమో ప్రతి లెక్కకీ 1 కలిపి లాగ్ వేసి మామూలు రిగ్రెషన్ పెట్టేయమ్మా, ఎప్పుడూ చేసేది అదే కదా అన్నారు. సీనియర్ అన్న ఒకడు కౌంట్ డేటా కదా ఆర్ సాఫ్ట్‌వేర్ లో గ్లమ్ (జనరలైజ్డ్ లీనియర్ మోడల్) పెట్టి ఫ్యామిలీ పాయిజాన్ అని రాయి అన్నాడు. (ఫోన్లో ఈ మాట విని మా నాన్న తోటకి పాయిజన్ ఎందుకే అని కంగారు పడిపోయాడు, అది వేరే కథ.) రెండూ చేశాను. రెండిట్లోనూ లాగ్ ఉంది కదా, ఆన్సర్ ఒకటే రావాలి కదా? రాలేదు! దూరానికి కోఎఫిషియంట్ గైడ్ గారి పద్ధతిలో మైనస్ 0.006, పాయిజాన్ లో మైనస్ 0.011.

నా డౌట్లు: ఫ్యామిలీ అంటే ఏంటి, లింక్ అంటే ఏంటి, పాయిజాన్ అని రాస్తే లాగ్ దానంతట అదే వచ్చేసింది కాబట్టి రెండూ ఒకటేనా? ఎర్రర్ డిస్ట్రిబ్యూషన్ అంటారు, పాయిజాన్ లో ఎర్రర్ ఎక్కడుంది, ఆ ఈక్వేషన్లో ప్లస్ ఈ అనేదే కనపడట్లేదు? హిస్టోగ్రామ్ చూస్తే ఎడమ పక్క గుట్టలా ఉండి కుడి పక్క తోకలా సాగింది, దాన్ని చూసి డిస్ట్రిబ్యూషన్ ఎంచుకోవాలా? ఇంకోటి, అవుట్‌పుట్ కింద రెసిడ్యువల్ డీవియెన్స్ 412, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 57 అని వచ్చింది, అది మంచిదా చెడ్డదా? మెటారైజియంకి ఒక స్టార్ (పీ వాల్యూ 0.05 లోపుంటే ఆర్ పెట్టే గుర్తు) వచ్చింది, మైనస్ 0.31, పీ వాల్యూ 0.017. ఆ స్టార్ చూసి గైడ్ గారు కూడా ఖుషీ అయిపోయి సరే పాయిజానే పెట్టు అనేశారు 😅


రాజాం_లెక్కలు రాశారు:

అమ్మా, మంచి ప్రశ్న, మా బీఎస్సీ పిల్లలకి పాతికేళ్లుగా చెప్తున్నా ఇంత విడివిడిగా అడిగినవాళ్లు తక్కువ. కొంచెం పొడుగ్గా రాస్తాను, టీ పెట్టుకుని చదువు.

ముందు ఎర్రర్ సంగతి. ఆ పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. మామూలు రిగ్రెషన్లో వై అంటే సగటు ప్లస్ ఎర్రర్ అని రాసుకుంటాం, నార్మల్ కి అది కుదురుతుంది, ఎందుకంటే నార్మల్ ని ఎటు జరిపినా దాని ఆకారం మారదు. పురుగుల లెక్క అలా కాదు. సగటు 0.5 ఉన్న చోట ట్రాపులో పడేది 0 గానీ 1 గానీ ఎప్పుడైనా 2 గానీ, సగటు 30 ఉన్న చోట 22 నుంచి 38 దాకా ఏదైనా పడొచ్చు. సగటు మారితే చెదురు కూడా మారిపోతుంది, అలాంటప్పుడు సగటుని ఒక పక్కా ఎర్రర్ ని ఇంకో పక్కా విడగొట్టి కూడడం కుదరదు. అందుకే గ్లమ్ లో ప్లస్ ఈ ఉండదు. గొయ్యికి ఇంత దూరంలో ఉన్న ట్రాపులో పడే లెక్క, ఇంత సగటుతో, ఫలానా డిస్ట్రిబ్యూషన్ నుంచి వస్తోంది అని నేరుగా వై గురించే చెప్తాం. ఎర్రర్ డిస్ట్రిబ్యూషన్ అన్న చోటల్లా "ఇచ్చిన ఎక్స్ దగ్గర వై డిస్ట్రిబ్యూషన్" అని చదువుకో, సగం తలనొప్పి పోతుంది.

హిస్టోగ్రామ్ జవాబు కూడా ఇందులోనే ఉంది. నువ్వు గీసింది గొయ్యి పక్కనున్న ట్రాపులూ 150 మీటర్ల దూరంలో ఉన్నవీ అన్నీ కలిపేసిన హిస్టోగ్రామ్. ఒకటో తరగతి పిల్లల్నీ పదో తరగతి పిల్లల్నీ ఒకే వరసలో నిలబెట్టి ఎత్తుల బొమ్మ గీస్తే రెండు గుట్టలు వస్తాయి, అంతమాత్రాన ఏ తరగతి ఎత్తులూ నార్మల్ కావు అనేస్తామా? మనం అడగాల్సింది ఒకే దూరంలో, ఒకే రకం తోటలో ఉన్న ట్రాపుల మధ్య తేడా ఎలా ఉంది అని. హిస్టోగ్రామ్ చూసి ఫ్యామిలీ ఎంచడం మా డిపార్ట్‌మెంట్లో కూడా చేస్తారు, నాకు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు ఫ్యామిలీ, లింక్. రెండూ వేరు, బొత్తిగా వేరు. లింక్ అనేది సగటు గురించి. దూరం పెరిగితే సగటు ఏ దారిలో తగ్గుతుంది అనేది అది చెప్తుంది. లింక్ లేకుండా, అంటే ఐడెంటిటీతో, గొయ్యి దగ్గర 20 పురుగులు, మీటరుకి 0.3 తగ్గుతాయి అని గీత గీశావనుకో, 100 మీటర్ల దగ్గర మైనస్ 10 పురుగులు వస్తాయి. మైనస్ 10 పురుగులు ఎక్కడైనా చూశావా? లాగ్ లింక్ పెడితే సగటు ఎప్పుడూ సున్నాకి పైనే ఉంటుంది, కూడికలు గుణకారాలు అవుతాయి. నీ మైనస్ 0.011 అంటే 100 మీటర్లకి మైనస్ 1.1, దాన్ని ఎక్స్‌పొనెన్షియల్ చేస్తే 0.33. అంటే 100 మీటర్లు దూరం జరిగితే పురుగులు మూడో వంతుకి పడిపోతాయి, దగ్గర 30 ఉంటే 10, దగ్గర 6 ఉంటే 2. ఈ మాట రైతుకి చెప్పినా అర్థమవుతుంది.

ఫ్యామిలీ అనేది ఆ సగటు చుట్టూ చెదురు గురించి, ఇంకా సూటిగా అంటే సగటుకీ వేరియన్స్ కీ ఉన్న సంబంధం గురించి. నార్మల్ అయితే సగటు ఎంతైనా వేరియన్స్ ఒకటే. పాయిజాన్ అయితే వేరియన్స్ సగటుకి సమానం. గామా అయితే సగటు వర్గంతో పెరుగుతుంది. బైనోమియల్ అయితే మధ్యలో ఎక్కువ, 0 దగ్గరా 1 దగ్గరా తక్కువ. ఏ పాయింటుని ఎంత నమ్మాలి, ఏ పాయింటుకి ఎంత బరువివ్వాలి అనేది మోడల్ దీన్ని బట్టే తేల్చుకుంటుంది. పాయిజాన్ అని రాస్తే లాగ్ దానంతట అదే వచ్చిందంటే అది కాననికల్ లింక్ కాబట్టి ఆర్ వాళ్లు డిఫాల్ట్ పెట్టారు, అంతే. కాననికల్ అంటే లెక్కకి సుఖం అని, అదే వాడాలన్న శాసనమేం లేదు. 1972లో నెల్డర్, వెడర్‌బర్న్ ఇద్దరూ కలిసి రాసిన పేపర్లో అసలు గొప్పతనమే ఈ రెండిటినీ విడదీయడం. అప్పటిదాకా ప్రోబిట్ ఒకటి, లాజిస్టిక్ ఒకటి, కౌంట్ల లెక్క ఇంకొకటి అని దేనికది వేరే వంటగది, వీళ్లొచ్చి పొయ్యి ఒక్కటే, గిన్నె మారుతోంది అంతే అని చూపించారు.

కరెంటు పోయేలా ఉంది, 412 సంగతి మళ్లీ వచ్చి రాస్తాను, అది మంచి నంబరైతే కాదమ్మా.


బొబ్బిలి_వీణ రాశారు:

మాస్టారూ చిన్న మాట. ఇంత హంగామా అవసరమా? మేం పీజీ చేసినప్పుడు అందరం లాగ్ వేసి యాన్‌ఓవా పెట్టాం, డిగ్రీలొచ్చాయి, పేపర్లొచ్చాయి. ఇప్పుడు కొత్తగా గ్లమ్, గ్లమ్మ్ అని పిల్లల్ని భయపెడుతున్నారు. లాగ్ వేశాక రెసిడ్యువల్స్ బాగుంటే అయిపోయింది కదా.


కంటోన్మెంట్_కుర్రాడు రాశాడు:

వీణ గారూ మీరన్నది సగం నిజం, ఆ సగం ఏదో చెప్తాను. మాది విజయనగరం కంటోన్మెంట్, ప్రస్తుతం ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ప్రీమియం లెక్కలు వేసే టీమ్ లో ఉన్నాను, పొద్దున లేస్తే గ్లమ్ తోనే కాపురం.

చెల్లెమ్మా, రెండిట్లోనూ లాగ్ ఉన్నా ఆన్సర్ ఎందుకు వేరు అంటే, గైడ్ గారిది లాగుల సగటు, పాయిజాన్ ది సగటు లాగు. ఒకేలా వినపడతాయి కానీ కాదు. ఒకే దూరంలో రెండు ట్రాపులున్నాయి, ఒకదాంట్లో 2, ఇంకోదాంట్లో 18 అనుకో. సగటు 10. లాగ్ వేసి సగటు తీసి వెనక్కి తిప్పు, 6 వస్తుంది, 2 ఇంటూ 18 అంటే 36, దాని వర్గమూలం. రైతు బకెట్లో పడినవి మొత్తం 20, ట్రాపుకి 10 చొప్పున, 6 చొప్పున కాదు. లాగ్ లింక్ గ్లమ్ 10 ని మోడల్ చేస్తుంది, లాగ్ వేసిన లీనియర్ 6 ని చేస్తుంది. గ్లమ్ లో డేటాని ముట్టుకోం, సగటుకి మాత్రమే లాగ్ తొడుగుతాం.

ఇక సున్నాలుంటే ఇంకా అన్యాయం. ఒక ట్రాపులో 0, ఇంకోదాంట్లో 8. సగటు 4. 1 కలిపి లాగ్ వేసి తిప్పి 1 తీసేస్తే 2 వస్తుంది. సరే 1 ఎందుకు, 0.1 కలుపుదాం అన్నావనుకో, 0.8 వస్తుంది. కాలిక్యులేటర్ తీసుకుని చూసుకోండి ఎవరికైనా డౌటుంటే. డేటా అదే, ట్రాపులు అవే, నువ్వు కలిపిన ముక్కని బట్టి ఆన్సర్ మారిపోతోంది, ఆ 1 ఎవరిచ్చారు మనకి? సున్నాలు ఎక్కువున్న చోట ఈ ప్లస్ వన్ కింద చివరని పిండేస్తుంది, అందుకే నీ దూరం కోఎఫిషియంట్ 0.011 కాస్తా 0.006 అయి కూర్చుంది.

వీణ గారి సగం నిజం ఏంటంటే, సున్నాలు లేకుండా అన్నీ పెద్ద లెక్కలై, లాగ్ వేశాక చెదురు అన్నిచోట్లా సమానంగా ఉంటే, స్లోపులు రెండు పద్ధతుల్లోనూ దాదాపు ఒకటే వస్తాయి, ఇంటర్‌సెప్ట్ ఒక్కటే మారుతుంది. కొబ్బరి కాయల దిగుబడికో, కురిడీ బరువుకో లాగ్ వేస్తే ఎవరూ చావరు. ఈ పురుగుల డేటాకి మాత్రం అది కుదరదు.

గామా గురించి నా సొంత ఘోరం ఒకటి చెప్తా, నవ్వుకోండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో క్లెయిమ్ ఎంత డబ్బు అనేదానికి గామా వాడమన్నారు, నేను ఆర్ లో ఫ్యామిలీ గామా అని రాసి లింక్ రాయలేదు. గామాకి ఆర్ డిఫాల్ట్ లాగ్ కాదు, ఇన్వర్స్, అంటే ఒకటి బై సగటు. ఇన్వర్స్ లో గుర్తులు తిరగబడతాయి కదా, సగటు పెరిగితే ఒకటి బై సగటు తగ్గుతుంది. బండి ఖరీదు పెరిగితే క్లెయిమ్ తగ్గుతుంది అని పదిహేను స్లైడ్లు చేసి మీటింగులో చెప్పేశాను, పైగా దానికి ఒక కారణం కూడా కనిపెట్టాను, ఖరీదైన బండి ఉన్నవాళ్లు జాగ్రత్తగా నడుపుతారు అని 🤦 మా మేనేజరు అంతా విని లింక్ ఏం పెట్టావు బాబూ అని ఒక్క ముక్క అడిగాడు. అప్పట్నించి ఫ్యామిలీ రాస్తే బ్రాకెట్లో లింక్ కూడా చేత్తో రాస్తాను, డిఫాల్ట్ అయినా సరే. మా వాళ్లు లాగే ఎందుకు వాడతారంటే గణితం కోసం కాదు, ప్రీమియం అంటే బేస్ రేటు ఇంటూ వయసు ఫ్యాక్టరు ఇంటూ ఊరి ఫ్యాక్టరు అని గుణకారాల పట్టికలో పెట్టడం తేలిక, అందుకు.


మందస_తోట రాశాడు:

నాను సదువుకున్నది ఇంటర్ వరకే గానీ కొబ్బరి తోట ముప్పై ఏళ్లుగా సూస్తన్నాను. మీ గ్లమ్ము గొడవ నాకు తెల్దు గానీ ఒక మాట అడుగుతాను అమ్మా, ఆ బకెట్లలో పురుగులు ఎన్నాళ్లకోపాలి ఏరీసినారు? అన్నీ ఒక్కలాగ ఏరినారా? ఎందుకంటే మా వైపు కాలేజీ వోళ్లు పెట్టిన ట్రాపులు దగ్గిరవి వారానికోపాలి సూసీవోరు, లోపలికుండే తోటలకి వానొస్తే బండి ఎల్లదు, పదిరోజులకో పదిహేన్రోజులకో ఎల్లీవోరు. పదిహేన్రోజుల బకెట్లో ఎక్కువ పురుగులుంటాయి మరి, అది గెత్తం మహిమ అనీసుకుంటే ఎలగ?

ఇంకోటి. తిత్లీ తుపానుకి పడిపోయిన మానులు కొన్ని తోటల్లో ఏళ్ల తరబడి తియ్యనేదు, అలగే కుళ్లిపోయి ఉండీవి. పురుగు గెత్తంలోనే పెట్టదు, కుళ్లిన కొబ్బరి మానులోనూ పెడతాది. మీ 12 తోటల్లో అలాటి మానులు ఎన్నిట్లో ఉన్నాయో రాసుకున్నారేటి?


రాజాం_లెక్కలు రాశారు:

మందస తోట గారూ దండం. నేను రెండు గంటలు పాఠం చెప్పి అడగని ప్రశ్న మీరు ఒక్క ముక్కలో అడిగారు.

అమ్మా, రోజులు వేరువేరుగా ఉంటే లెక్కని రోజులతో భాగించి రేటు చేసి పాయిజాన్ పెట్టకు, 4 బై 7 అంటే 0.571, అది పూర్ణసంఖ్య కాదు, పాయిజాన్ ఒప్పుకోదు, పైగా 7 రోజుల రేటూ 15 రోజుల రేటూ ఒకే నమ్మకం ఉన్నవి కావు. పురుగుల లెక్కని అలాగే ఉంచి, రోజుల లాగ్ ని ఆఫ్‌సెట్ గా ఇవ్వు. ఆఫ్‌సెట్ అంటే కోఎఫిషియంట్ 1 అని తాళం వేసిన వేరియబుల్. రోజులు రెట్టింపైతే పురుగులూ రెట్టింపు అని మోడల్ కి ముందే చెప్పేయడం. లాగ్ లింక్ ఉంది కాబట్టే ఇది ఇంత హాయిగా కుదిరింది. ఇన్సూరెన్స్ తమ్ముడు కూడా పాలసీ ఎన్ని నెలలు నడిచిందో ఇలాగే పెడతాడు, అవునా కాదా.

ఇక 412. పాయిజాన్ నిజమైతే రెసిడ్యువల్ డీవియెన్స్ (డేటాకి మోడల్ ఎంత ఎడంగా ఉందో చెప్పే అంకె) డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ కి అటూ ఇటూగా ఉండాలి, 57 దగ్గర. (లెక్కలు మరీ చిన్నవైతే ఈ కొలత అంత నమ్మకం కాదు, అప్పుడు పియర్సన్ కై స్క్వేర్ ని 57 తో భాగించి చూడు.) 412 బై 57 అంటే 7కి పైన. నీ డేటా పాయిజాన్ అనుకున్నదానికంటే ఏడు రెట్లు చెదురుగా ఉంది. ఓవర్ డిస్పెర్షన్ అంటారు.

ఎందుకలా అనేది నాకు చాలా ఇష్టమైన చోటు, ఇక్కడ కాసేపు ఆగుదాం. పాయిజాన్ కి పాత ఉదాహరణ ఒకటుంది. 1898లో బోర్ట్‌కీవిచ్ అనే ఆయన ప్రష్యా సైన్యంలో గుర్రం తన్ని చనిపోయిన సైనికుల లెక్క తీశాడు. 10 దళాలు, 20 ఏళ్లు, అంటే 200 దళ సంవత్సరాలు. అందులో 109 సార్లు ఒక్క చావూ లేదు, 65 సార్లు ఒకటి, 22 సార్లు రెండు, 3 సార్లు మూడు, ఒక్కసారి నాలుగు. మొత్తం 122 చావులు, సగటు 0.61. వేరియన్స్ తీస్తే అదీ 0.61 దగ్గరే. పాయిజాన్ పట్టిక ప్రకారం సున్నాలు 108.7 ఉండాలి, 109 వచ్చాయి. గుడిలో ప్రసాదం కొలిచినట్టు వచ్చింది. ఎందుకు వచ్చింది? ఒక గుర్రం తన్నింది కదా అని ఇంకో గుర్రం రాదు. దేని కోపం దానిది.

కొమ్ము పురుగు అలా కాదు కదా, నువ్వు ఎంటమాలజీ, నాకంటే నీకే తెలుసు. మగ పురుగు వాసన వదిలితే ఆడా మగా రెండూ వచ్చి చేరతాయి, ఒకటి వచ్చిన చోటికి పది వస్తాయి. పైగా ఒక్కో తోటది ఒక్కో పరిస్థితి, మందస గారు చెప్పిన కుళ్లిన మాను ఉన్న తోటలో అన్ని ట్రాపులూ నిండుతాయి. గుంపులు కట్టే జీవానికి పాయిజాన్ సరిపడదు. ఇలాంటి చోట సగటు లెక్క మరీ తప్పు రాదు, లింక్ సరిగ్గానే ఉంటే కోఎఫిషియంట్లు దరిదాపుల్లోనే ఉంటాయి, తప్పేది స్టాండర్డ్ ఎర్రర్. మోడల్ తనకి లేని ధీమా చూపిస్తుంది. స్టార్లు ఊరికే పూస్తాయి. నీ మెటారైజియం స్టార్ అలా పూసిందేనని నా అనుమానం, ఏమనుకోకు.

రెండు దారులున్నాయి. క్వాసీ పాయిజాన్ అంటే వేరియన్స్ సగటుకి ఇన్ని రెట్లు అని ఒకే గుణకం పెడుతుంది. నెగటివ్ బైనోమియల్ అంటే సగటు ప్లస్ సగటు వర్గం బై థీటా, ఆ థీటా చెదురు ఎంతో చెప్పే అంకె. తేడా చిన్న అంకెలతో చూడు: గుణకం 6 అనుకుంటే క్వాసీలో సగటు 10 దగ్గర వేరియన్స్ 60, సగటు 1 దగ్గర 6. థీటా 2 అనుకుంటే నెగటివ్ బైనోమియల్ లో సగటు 10 దగ్గర 10 ప్లస్ 50, అదే 60, కానీ సగటు 1 దగ్గర 1.5 మాత్రమే. అంటే 10 దగ్గర ఇద్దరూ ఒకే మాట, కింద చివర మాత్రం ఒకరు తూర్పు ఒకరు పడమర. దూరంగా ఉన్న నీ ట్రాపుల్లో చెదురు ఎలా ఉందో గీసి చూస్తే ఏది దగ్గరో తెలుస్తుంది. చూడు, లింక్ రెండిట్లోనూ లాగే, మారింది చెదురు గురించి మనం నమ్మినది మాత్రమే. ఇప్పుడు తెలిసిందా రెండూ ఎందుకు వేరో.


కంటోన్మెంట్_కుర్రాడు రాశాడు:

మాస్టారూ ఒక్కటి కలుపుతా, ముఖ్యమైంది. చెల్లెమ్మా నువ్వు మెటారైజియం కలిపింది తోట గొయ్యిలో, ట్రాపులో కాదు. అంటే మందుకి సంబంధించి నీ దగ్గరున్నవి 60 కావు, 12. ఆరు ఇటు, ఆరు అటు. ఒకే తోటలో 5 ట్రాపులు ఒకే గొయ్యిని చూస్తున్నాయి, అవి ఐదు సాక్ష్యాలు కావు, ఒకే సాక్షి ఐదుసార్లు చెప్పినట్టు. దూరం విషయం వేరు, అది తోట లోపలే మారుతోంది కాబట్టి దానికి 60 పనికొస్తాయి. తోటని ర్యాండమ్ ఎఫెక్ట్ గా (అంటే ఒక్కో తోటకీ దాని సొంత ఎక్కువ తక్కువలు ఉంటాయని) పెట్టి నెగటివ్ బైనోమియల్ మిక్స్‌డ్ మోడల్ వెయ్యి. వేశాక రెసిడ్యువల్స్ కి ఆర్ లో ధర్మా అని ప్యాకేజీ ఉంది వాడు. పేరు చూసి మనోళ్లు ఎవరో రాశారనుకున్నా, కాదు, పొడుగు పేరులో ముక్కలు ఏరి అతికించారు. మామూలు రెసిడ్యువల్ ప్లాట్ కౌంట్లకి చారలు చారలుగా వస్తుంది, అది చూసి భయపడకు, చిన్న లెక్కలకి అలాగే వస్తుంది.


కవిటి_పిల్ల రాసింది:

అందరికీ థాంక్స్, నిన్న రాత్రి రెండు దాకా ఇదే పని. మందస తోట గారూ, బాబాయ్ అనొచ్చా మిమ్మల్ని, మీరన్నట్టే జరిగింది. నా నోట్‌బుక్ తీసి చూస్తే రోడ్డు పక్క తోటలు 7 రోజులకి ఏరాను, లోపలివి 4 తోటలు 11, 12 రోజులకి. వానలప్పుడు ఇసకలో స్కూటీ దిగబడిపోయేది. ఆ కాలమ్ నేను ఎక్సెల్ లోకి ఎక్కించనే లేదు!

ఆఫ్‌సెట్ పెట్టకముందు పాత మోడల్ కే పియర్సన్ తీసి చూశాను, 391 బై 57, అంటే 6.86. వర్గమూలం 2.62. మెటారైజియం స్టాండర్డ్ ఎర్రర్ 0.13 ఉండేది, దాన్ని 2.62 తో గుణిస్తే 0.34, మైనస్ 0.31 ని 0.34 తో భాగిస్తే 1 కూడా రాలేదు. స్టార్ అక్కడికక్కడే పోయింది. దూరం మాత్రం నిలబడింది, 0.0012 కాస్తా 0.0031 అయినా ఇంకా మూడున్నర రెట్లు ఉంది.

తరవాత రోజుల ఆఫ్‌సెట్, తోట ర్యాండమ్ ఎఫెక్ట్, నెగటివ్ బైనోమియల్ అన్నీ పెట్టి వేస్తే దూరం మైనస్ 0.010, మెటారైజియం మైనస్ 0.28, దాని ఎర్రర్ 0.41. ధర్మా బొమ్మ బాగానే వచ్చింది.

ఇంకో రెండు డౌట్లు ఉన్నాయి. ఒకటి, అవే తోటల్లో ఆకుల డ్యామేజీ కూడా చూశాను, చెట్టుకి పై 8 మట్టలు చూసి ఎన్నిటికి ఆ కత్తెర కోత ఉందో రాశాను. గైడ్ గారు దాన్ని పర్సంటేజీ చేసి యాంగ్యులర్ ట్రాన్స్‌ఫర్మేషన్ వెయ్యమంటున్నారు. రెండు, జూన్ నెలలో లెక్క పెట్టే టైం లేక ట్రాపులో పురుగు ఉందా లేదా అని మాత్రమే టిక్ పెట్టాను, ఆ డేటా పారేయాల్సిందేనా?


రాజాం_లెక్కలు రాశారు:

మొదటిదానికి బైనోమియల్. 8లో 3 అంటే 37.5 శాతం అని మార్చకు, 3 కోత ఉన్నవి, 5 లేనివి అని రెండు కాలమ్ లుగా ఇవ్వు, లింక్ లాజిట్, అంటే ఆడ్స్ (పడే సంభావ్యత బై పడని సంభావ్యత) కి లాగ్. యాంగ్యులర్ అనేది కంప్యూటర్లు లేని రోజుల్లో చేత్తో యాన్‌ఓవా వేసుకోడానికి కనిపెట్టిన ఉపాయం, అప్పట్లో గొప్పదే, ఇప్పుడు దాని కోఎఫిషియంట్ కి రైతుకి చెప్పే అర్థం ఏమీ ఉండదు. లాజిట్ లో అయితే కోత పడే ఆడ్స్ ఇన్ని రెట్లు అని చెప్పగలవు. ఇక్కడ కూడా ఓవర్ డిస్పెర్షన్ చూసుకో, పురుగు ఒక చెట్టుని పట్టిందంటే మట్ట మీద మట్ట కొరుకుతుంది.

రెండోది పారేయకు, అందులో ఒక అందం ఉంది. ట్రాపులో పడే లెక్క పాయిజాన్, సగటు మ్యూ అనుకో. ఒక్కటీ పడకపోయే సంభావ్యత ఈ (2.718 అనే అంకె) పవర్ మైనస్ మ్యూ. కనీసం ఒకటి పడే సంభావ్యత 1 మైనస్ అది, మ్యూ 1 అయితే 63 శాతం. దీన్ని తిప్పి రాస్తే, పడని సంభావ్యత లాగ్ తీసి, గుర్తు మార్చి, మళ్లీ లాగ్ తీస్తే లాగ్ మ్యూ వస్తుంది. దాన్నే కాంప్లిమెంటరీ లాగ్‌లాగ్ లింక్ అంటారు. అంటే ఉందా లేదా డేటాకి బైనోమియల్ ఫ్యామిలీతో ఈ లింక్ పెడితే వచ్చే దూరం కోఎఫిషియంట్, లెక్కల మోడల్ లో వచ్చిన 0.010 తో పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు, రోజుల ఆఫ్‌సెట్ కూడా అలాగే పనిచేస్తుంది. లాజిట్ పెడితే ఈ పోలిక కుదరదు. నీ పురుగులు పాయిజాన్ కాదు కాబట్టి అచ్చంగా సరిపోదు, సుమారుగా చూసుకో. డిఫాల్ట్ ని వదిలి లింక్ ని కారణంతో ఎంచుకోవడం అంటే ఇదీ.


మందస_తోట రాశాడు:

బాబాయ్ అనమ్మా, ఏటయితాది. ఆ మానుల సంగతి సెప్పనేదు నువ్వు.


కవిటి_పిల్ల రాసింది:

సారీ బాబాయ్. నిన్న ఆదివారం స్కూటీ వేసుకుని మళ్లీ 12 తోటలూ తిరిగొచ్చాను. 3 తోటల్లో పాత మానులు ఉన్నాయి, ఒక దాంట్లో కాలితో తన్నితే లోపల తెల్లటి పిల్లపురుగులు వేలంత లావున. ఆ మూడూ మెటారైజియం కలపని వైపే పడ్డాయి, నా ఖర్మ. అంటే ఆ మైనస్ 0.28 లో మందు ఎంతో మాను ఎంతో ఈ 12 తోటలతో విడదీయలేను, ఈ మాట థీసిస్ లో అలాగే రాస్తున్నాను.

గైడ్ గారికి కొత్త టేబుల్ చూపించాను. చాలాసేపు చూసి "స్టార్ ఏదమ్మా" అన్నారు. దూరం దగ్గర ఉంది సార్ అన్నాను. అద్దాలు తీసి, అయితే గొయ్యి ఎంత దూరంలో పెట్టుకోవాలో ఆ బొమ్మ ఒకటి గీసి తీసుకురా, ఎక్స్‌టెన్షన్ వాళ్లకి పనికొస్తుంది అన్నారు. మా నాన్న మాత్రం బొమ్మ వచ్చేదాకా ఆగలేదు, పొద్దున్నే పార పట్టుకుని ఇంటెనక గెత్తం గొయ్యి పూడుస్తున్నాడు.